ఎలుగుబంటిది ఏ సర్వే నంబరు?



శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వేసవి అంటే ముందు జీడి, ఆ వెనకే పనస. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కంచిలి, కవిటి మండలాల మీదుగా సముద్రం వైపు నడిస్తే, ఇసుక నేలల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి, ఏ ఊరి తోట ఎక్కడ ఆగిందో తెలియనట్టుంటాయి. పలాస జీడిపప్పు నోట పడని తెలుగువాళ్ళు తక్కువ. ఆ పప్పు మన ఇంటి పాయసంలోకి రావాలంటే ఎవరో ఒకరు తెల్లారగట్లే తోటలోకి వెళ్ళి, రాలిన పళ్ళు ఏరి, పిక్క వేరు చెయ్యాలి. అలా వెళ్ళేవాళ్ళు ఇప్పుడు తోట మొదట్లో కాసేపు ఆగుతున్నారు. ఓ కేక వేస్తారు, డబ్బా మీద కర్రతో నాలుగు దెబ్బలు కొడతారు, ఏ అలికిడీ లేదనుకున్నాకే అడుగు వేస్తారు. లోపల ఎలుగు ఉంటుందేమోనని.

భయపడటానికి కారణం లేకపోలేదు. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగు దాడిలో భార్యాభర్తలిద్దరూ చనిపోయారు. ఊరివాళ్ళు ఆ ఎలుగును కొట్టి చంపారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక రైతు ప్రాణం పోయింది, ఆ వెంటనే మరికొందరు గాయాలపాలయ్యారు. అటవీ సిబ్బంది మత్తు ఇచ్చి ఎలుగును పట్టుకున్నారు గానీ, అదీ బతకలేదు. రెండు చోట్లా కథ ఒక్కలాగే ముగిసింది: మనుషులు పోయారు, జంతువూ పోయింది, తోటలో భయం మాత్రం అలాగే ఉంది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న వినిపిస్తుంది. అడవిలో ఉండాల్సిన ఎలుగు ఊళ్ళోకి ఎందుకొచ్చింది? జవాబు కూడా సిద్ధంగా ఉంటుంది: అడవులు నరికేశాం కాబట్టి. ఆ మాటలో నిజం లేదని కాదు. కానీ అందులో చాలా సంగతి మరుగున పడిపోతోంది. ఎలుగు పోగొట్టుకున్న నేలలో పెద్ద వాటా మన కాగితాల్లో అసలు అడవే కాదు. అందుకే అది పోయినప్పుడు ఎవరూ లెక్క రాయలేదు. ఈ పూట నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ఈ జంతువు సంగతి కొంచెం తెలుసుకుందాం.

లోకంలో ఎలుగులు ఎనిమిది జాతులు. ధ్రువపు మంచులో తిరిగే తెల్ల ఎలుగు, చైనా వెదురు వనాల్లోని పాండా కూడా ఈ కుటుంబంలోవే. ఎనిమిదింటిలో ఆరింటి మనుగడ ప్రమాదంలో పడిందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ ఎర్ర జాబితా చెబుతోంది. మన దేశంలో నాలుగు జాతులున్నాయి. మూడు హిమాలయాల్లోనో ఈశాన్య రాష్ట్రాల్లోనో ఉంటాయి. తెలుగునాట కొండల్లో, గుట్టల్లో తిరిగేది నాలుగోది, గుడ్డేలుగు. ఇది భారతదేశం, నేపాల్, శ్రీలంకల్లో తప్ప మరెక్కడా చెప్పుకోదగినంతగా లేదు. బంగ్లాదేశ్‌లో ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు కనుమరుగైపోయింది. లోకం మొత్తం మీద 20 వేల లోపే ఉంటాయని ఐయూసీఎన్ అంచనా, వాటిలో చాలా భాగం మన దేశంలోనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులికి ఏ షెడ్యూలో దీనికీ అదే, మొదటి షెడ్యూలు.

ఈ ఎలుగును పుట్ట దగ్గర చూడాలి. ముందు మూతి ఆనించి వాసన పడుతుంది. చెదలు ఎక్కడ దట్టంగా ఉన్నాయో పసిగట్టాక ముందుకాళ్ళతో తవ్వకం మొదలుపెడుతుంది. ఒక్కో గోరు మూడంగుళాల పైమాటే. ఎండాకాలంలో గునపం పెడితే ఠంగుమనే పుట్టమట్టి ఆ గోళ్ళకు పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వస్తుంది. పైదవడలో నడుమనుండే రెండు ముందు పళ్ళు దీనికి ఉండవు. ఆ సందు మీదుగా పెదాలు ముందుకు సాచి, బలంగా ఊది దుమ్ము ఎగరగొడుతుంది. మరుక్షణం ముక్కు రంధ్రాలు మూసుకుని, అంతే బలంగా లోపలికి పీలుస్తుంది. చెదలు గుడ్లతో సహా నోట్లోకి వచ్చి పడతాయి. ఊదడం, పీల్చడం, మళ్ళీ ఊదడం. కొలిమి తిత్తి ఆడించినట్టు ఆ చప్పుడు వంద గజాల అవతలికి కూడా వినిపిస్తుంది. ఈ చప్పుడును కాస్త గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

చెదలు, చీమలు దానికి ఏడాది పొడవునా ఉండే తిండి. మిగతాదంతా రుతువును బట్టి. చలి కాలంలో రేగు. చైత్రంలో ఇప్పపువ్వు. ఎండలు ముదిరితే తునికి, మొర్రి, మేడి, రేల కాయల్లోని గుజ్జు. తొలకరికి నేరేడు. ఎక్కడ తేనెపట్టు కనబడితే అక్కడ చెట్టెక్కుతుంది, ఈగలు కుట్టినా లెక్కచెయ్యదు. తిన్న పళ్ళ గింజలను మైళ్ళ దూరం మోసుకుపోయి పేడలో వదులుతుంది. రేల, నేరేడు లాంటి చెట్లు కొత్త చోట మొలవడంలో దీని పాత్ర పెద్దదే. అంటే, తన తిండి చెట్లను తనే నాటుకుంటూ తిరిగే జంతువు ఇది.

సంతతి పెరగడం మాత్రం చాలా నెమ్మది. చలికాలంలో గుహలో ఒకటో రెండో పిల్లలు పుడతాయి. కొన్ని వారాలు తల్లి వాటిని విడిచి బయటికి రాదు. వచ్చాక నెలల తరబడి వీపున ఎక్కించుకుని తిప్పుతుంది. ఎలుగు జాతులన్నిటిలో పిల్లల్ని ఇలా వీపున మోసే అలవాటు దీనిదే. పిల్లలు రెండేళ్ళ దాకా తల్లి వెంటే ఉంటాయి. అందుకే ఆడ ఎలుగుకు రెండు మూడేళ్ళకో కాన్పు. ఒక ప్రాంతంలో నాలుగు ఎలుగులు చచ్చిపోతే ఆ లోటు పూడడానికి పదేళ్ళు కూడా చాలకపోవచ్చు.

ఇక ఈ జంతువుకు ఎలాంటి చోటు కావాలో చూడండి. పులి అడవి వేరు, ఎలుగు అడవి వేరు. ఎలుగుకు పగటిపూట నీడన పడుకోవడానికి, పిల్లల్ని పెట్టుకోవడానికి బండల మధ్య ఒక గుహ కావాలి. అది దొరకనిచోట దట్టమైన పొద కింద మట్టి తవ్వుకుంటుంది. పుట్టలుండాలి. నాలుగు రేగుకంపలు, రెండు మేడిచెట్లు, ఎండాకాలంలోనూ ఇంకని ఒక చెలమ ఉండాలి. బండలు, కంపలు, పుట్టలు. పెద్ద చెట్లున్న అడవి ఉంటే మరీ మంచిది, లేకపోయినా దానికి గడుస్తుంది. అనంతపురం జిల్లా కల్యాణదుర్గం, రాయదుర్గం వైపు ఎండిపోయిన రాతి గుట్టల్లో ఎలుగులు బతుకుతున్నది ఇందుకే.

అలాంటి నేలను మన రెవెన్యూ రికార్డులు ఏమంటాయి? కొండ పోరంబోకు, గుట్ట పోరంబోకు, బంజరు. అంటే పన్ను రాని నేల, ఎవరికీ పనికిరాని నేల. రిజర్వు అడవిని వేరే పనికి వాడుకోవాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం అనుమతి కావాలి. గుట్ట పోరంబోకుకు అలాంటి అడ్డు లేదు. అడవి నరికితే కేసు, గుట్ట తొలిస్తే లీజు!

అడవుల లెక్క కట్టే పద్ధతి కూడా ఎలుగుకు కలిసిరాలేదు. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహ చిత్రాలు చూసి అడవుల విస్తీర్ణం ప్రకటిస్తుంది. ఒక హెక్టారుకు తగ్గకుండా ఉన్న నేల మీద పది శాతానికి మించి చెట్ల నీడ కనిపిస్తే దాన్ని అటవీ విస్తీర్ణంలో కలుపుతుంది. ఆ నేల ఎవరిది, చెట్టు ఏ జాతిది అన్నది చూడదు. ఈ లెక్కలో దట్టంగా పెరిగిన జీడితోట అడవిలోకి చేరుతుంది, చెట్లు పలచగా ఉన్న రాతిగుట్ట, కంపలబీడు అడవిలోకి రావు. కాబట్టి ఒక గుట్టను పూర్తిగా పిండి చేసేసినా ఆ జిల్లా అటవీ శాతం ఇసుమంత కూడా తగ్గకపోవచ్చు. కాగితం మీద పచ్చదనం పెరుగుతున్న జిల్లాలోనే ఎలుగు నిలువనీడ లేనిదైపోవచ్చు.

ముందు గుహల సంగతే చూడండి. వినాయక చవితి నాడు మనం ఇంటింటా శమంతకోపాఖ్యానం చదువుకుని అక్షతలు వేసుకుంటాం. అందులో కృష్ణుడు శమంతకమణిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్తాడు. సింహం కళేబరం దగ్గర ఎలుగు అడుగుజాడలు కనిపిస్తాయి. ఆ జాడ పట్టుకుని వెళ్తే ఒక కొండగుహ. లోపల ఉయ్యాలకు మణి కట్టి ఉంది, దాని కింద జాంబవంతుడి బిడ్డ. కథ చెప్పినవాళ్ళకు ఎలుగు సంసారం కొండగుహలో ఉంటుందని బాగా తెలుసు. ఇప్పుడు అదే శ్రీకాకుళం జిల్లాకు వెళ్ళండి. టెక్కలి చుట్టుపక్కల దొరికే నీలి గ్రానైటుకు విదేశాల్లో కూడా గిరాకీ ఉంది. గుట్టలను రంపాలతో దిమ్మెలు దిమ్మెలుగా కోసి లారీలకెక్కిస్తారు. గుట్ట అయిపోయాక మిగిలేది నీళ్ళు నిలిచిన గొయ్యి. నరికిన అడవి యాభై ఏళ్ళకైనా మళ్ళీ మొలుస్తుందేమో, కోసేసిన కొండకు గుహ మొలవదు. ఆ క్వారీల మీద వేల కుటుంబాలు బతుకుతున్న మాట నిజం. అలాగని ఒక్కో గుట్టకు లీజు ఇచ్చేటప్పుడు దాని మీద ఎవరు బతుకుతున్నారో చూడకుండా ఇవ్వడం సరైన పని కాదు.

పుట్టల సంగతీ అంతే. నాగుల చవితికి పాలు పోసి దండం పెట్టుకున్న పుట్టను, పొలం చదును చేసేటప్పుడు పొక్లెయిన్ ఒక్క ఊపులో లేపేస్తుంది. రైతు దృష్టిలో అది మట్టిదిబ్బ. ఎలుగు దృష్టిలో కరువు నెలల తిండి. గట్ల మీద రేగుకంప కొట్టెయ్యడం, వాగు ఒడ్డున మేడిచెట్టు పడగొట్టడం, ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా ఉంటుందని కొండ మీద ఎండుటాకుకు నిప్పుపెట్టడం, ఇవన్నీ విడివిడిగా చూస్తే చిన్న పనులే. ఒక్కటీ నేరంలా కనిపించదు. పదేళ్ళు గడిచాక చూస్తే కొండ ఉంటుంది, అందులో తిండి ఉండదు. నిప్పు పెద్ద చెట్లను చంపకపోయినా రేపటి ఇప్పచెట్టు, తునికిచెట్టు కావాల్సిన మొలకలను మాడ్చేస్తుంది.

ఇప్పుడు ఉద్దానానికి తిరిగి వద్దాం. పడమటి వైపు మందస కొండలు, ఒడిశా సరిహద్దు దాటితే మహేంద్రగిరి. తూర్పున సముద్రం ఒడ్డున ఇసుకదిబ్బలు, మొగలి డొంకలు. ఒకప్పుడు కొండ ఎలుగుకూ తీరం ఎలుగుకూ రాకపోకలకు అడ్డు లేదు. కానీ కొండకూ తీరానికీ నడుమ పొడవునా చెన్నై - హౌరా రైలు మార్గం ఉంది. దాని తోడుగా పాత జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. ఇప్పుడు దాన్నే పదహారో నంబరు రహదారి అంటున్నాం. రాత్రీ పగలూ లారీలు ఆగని రోడ్డును పిల్లల్ని వీపున మోస్తున్న తల్లి ఎలా దాటుతుంది? తీరం వైపు మిగిలినవి అటే మిగిలిపోయాయి. గుహ లేదు గనుక డొంకలే వాటికి ఇల్లు, అడవి పండు లేదు గనుక తోట పండే తిండి.

తోట కూడా వాటిని చాలాకాలం బాగానే సాకింది. జీడిపళ్ళు, పనసపళ్ళు కావలసినన్ని. తోటల కింద పొదలు, చుట్టూ మొగలి కంచెలు. పండిన పనస వాసన ఎలుగుకు ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది. గోళ్ళతో చీల్చి తొనలు తిని తొక్క అక్కడే వదిలేస్తుంది. రైతు పొద్దున్నే వచ్చి చూసి, పోయిన రెండు కాయల గురించి గొణుక్కుని ఊరుకునేవాడు. ఎలుగు రాత్రి తిరిగేది, మనిషి పగలు తిరిగేవాడు. ఒకరి వేళ ఒకరికి తెలుసు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఒక్క రాత్రిలో లక్షల చెట్లు కూలిపోయాయి. తరాల నాటి కొబ్బరి, జీడి, పనస వేళ్ళతో లేచి పడ్డాయి. ఆ తుపానుకు ఉద్దానం రైతు ఎంత ఏడ్చాడో మనం పేపర్లలో చదివాం, టీవీల్లో చూశాం. అదే తోటల్లో అదే తిండి తిని బతికే ఎలుగుకు కూడా ఆ రాత్రే కొంప కూలిందని తట్టినవాళ్ళు తక్కువ. కూలిన మాను తొలగించి, పొద కొట్టి, నేల శుభ్రం చేసి, కొత్త మొక్క నాటుకోవడం రైతుకు తప్పనిసరి. నాటిన మొక్క కాపుకు వచ్చేదాకా ఎలుగు ఏం తినాలి? ఇంటి వెనక పెరట్లోని చెట్టుకు ఒక పనసకాయ మిగిలి ఉంటే అక్కడికి వస్తుంది. గుళ్ళో నూనె, కొబ్బరిచిప్పల వాసనకు వస్తుంది. ఆకలికి వేళలు ఉండవు. రాత్రి తిరగాల్సిన జంతువు తెల్లారాక కూడా తిరుగుతుంది. అక్కడే మనిషికి ఎదురుపడుతుంది.

ఎదురుపడితే దాడి ఎందుకు చేస్తుంది? ఎలుగు మనిషిని తినడానికి రాదు. దానికి చూపు అంతంతమాత్రం. తిండిలో పడి ఊదుతూ పీలుస్తూ ఉన్నప్పుడు, ఇందాక చెప్పుకున్న ఆ చప్పుడులో మన అడుగుల అలికిడి దానికి వినబడదు. ఉన్నట్టుండి పది గజాల్లో మనిషి కనిపిస్తాడు. పులులూ చిరుతలూ తిరిగే నేలలో వేల ఏళ్ళుగా బతికిన జంతువు ఇది. పిల్లలతో ఉన్న తల్లి చెట్టెక్కి తప్పించుకోలేదు, ఎక్కినా చిరుత అక్కడికీ వస్తుంది. కాబట్టి ప్రమాదం అనిపించగానే ముందు తానే మీదపడటం దాని రక్తంలో ఉంది. నిలబడి ముఖం మీద, తల మీద గోళ్ళతో కొడుతుంది. అందుకే బతికి బయటపడ్డవాళ్ళలో కూడా చాలామందికి కన్నో ముక్కో పోతుంది. ఉమ్మడి మధ్యప్రదేశ్‌లో 1989 నుంచి 1994 దాకా జరిగిన దాడులను పరిశోధకులు లెక్కించారు. అయిదేళ్ళలో 735 మంది దెబ్బతిన్నారు, వారిలో 48 మంది చనిపోయారు. దెబ్బలు తిన్నవాళ్ళెవరు? ఇప్పపువ్వు, తునికాకు, కట్టెల కోసం పొద్దున్నే అడవిలోకి వెళ్ళిన పేదవాళ్ళే ఎక్కువ. ఎలుగు నేల కుంచించుకుపోతే ఆ నష్టం ముందుగా కట్టేది వాళ్ళు. కొండను లీజుకు తీసుకున్నవాళ్ళ ముఖాల మీద గోటి గాట్లు ఉండవు.

మరి పట్టుకుని వేరే అడవిలో వదిలేస్తే? ప్రతి దాడి తర్వాతా ఊరివాళ్ళు అడిగేది ఇదే, అడగడంలో తప్పు లేదు. ఒక ఎలుగు మనిషికి మరీ ప్రమాదకరంగా మారినప్పుడు పట్టుకోక తప్పదు. అయితే దాన్ని కొత్త అడవిలో వదిలితే అక్కడ ముందే ఉన్న ఎలుగులు రానివ్వవు. తిండి ఎక్కడుందో, నీళ్ళు ఎక్కడున్నాయో దానికి తెలియదు. పాత చోటు వెతుక్కుంటూ బయలుదేరితే దారిలో మరో నాలుగు ఊళ్ళు తగులుతాయి. ఇక్కడ ఖాళీ అయిన డొంకలోకి ఇంకో ఎలుగు చేరుతుంది. నేల సంగతి అలాగే వదిలేసి జంతువును మాత్రం మార్చితే ప్రమాదం ఒక మండలం నుంచి ఇంకో మండలానికి బదిలీ అవుతుంది, అంతే.

ఇదంతా వింటే ఇక ఏం చేసినా లాభం లేదనిపించవచ్చు. కానీ ఈ జంతువు విషయంలోనే మన దేశం ఒక మంచి పని పూర్తిగా చేసి చూపించింది. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వీధిలోకి ఎలుగును ఆడించేవాడు వచ్చేవాడు. పిల్లల జడుపు పోతుందని దాని వీపు మీద కూర్చోబెట్టేవారు, వెంట్రుక తీసుకుని తాయెత్తు కట్టేవారు. ఆ వెంట్రుక ఎలా వచ్చిందో మనకు తెలియదు. గుహలో తల్లిని చంపి పిల్లను పట్టుకొచ్చేవారు. కాల్చిన ఇనుప చువ్వతో దాని ముక్కు పొడిచి తాడు దూర్చేవారు. 1972 చట్టం దీన్ని నేరం చేసింది. అయినా ముప్పై ఏళ్ళు ఆట సాగుతూనే ఉంది. 2002లో ఆగ్రా దగ్గర ఎలుగుల రక్షణ కేంద్రం మొదలైంది. ఎలుగుల్ని ఆడించి బతికే కలందర్ కుటుంబాలు వాటిని అప్పగిస్తే వేరే జీవనోపాధి చూపించారు, పిల్లల్ని బడికి పంపే ఏర్పాటు చేశారు. 2009 నాటికి దేశంలో వీధుల్లో ఎలుగు ఆట ముగిసింది. వందల ఏళ్ళుగా ఉన్న ఆచారం ఏడేళ్ళలో ఎలా పోయింది? చట్టం ఒక్కటే చెయ్యలేని పనిని, చట్టంతో పాటు ఆ మనిషికి కూడు చూపించడం చేసింది.

నేల విషయంలో కష్టం ఎక్కడంటే, ముక్కుతాడు పట్టుకున్న చెయ్యి కళ్ళకు కనిపించింది. గుట్టను, పుట్టను, డొంకను తీసేసే చేతులు వెయ్యి. అందులో మన చేతులూ ఉన్నాయి. మన వంటింటి గట్టు మీది గ్రానైటు బండ కూడా ఏదో ఒక గుట్టదే.

నేలను కాపాడితే ఎలుగు నిలబడుతుందా అంటే, మన పొరుగునే ఉదాహరణ ఉంది. అనంతపురం సరిహద్దు దాటితే బళ్ళారి సీమ. అక్కడ హంపీకి దగ్గర్లో దరోజీ అనే చోట 1994లో కర్ణాటక ప్రభుత్వం ఎలుగుల కోసమే అభయారణ్యం ప్రకటించింది. వెళ్ళి చూస్తే అది అడవా అని అడుగుతారు. గుండ్రాళ్ళ గుట్టలు, ముళ్ళపొదలు, మధ్యమధ్య పండ్లచెట్లు. చుట్టూ గనుల సీమ. వేరేచోట అయితే ఆ గుట్టలు ఏనాడో కంకరై ఉండేవి. పనికిరానిదనుకున్న ఆ నేలకు ఒక పేరు, ఒక హద్దు, ఒక కావలి ఇచ్చారు. ఇప్పుడు సాయంత్రంపూట బండల మీదికి దిగివచ్చే ఎలుగులను చూడటానికి దేశం నలుమూలల నుంచి జనం వెళ్తున్నారు.

మన దగ్గర ఏం చెయ్యవచ్చు? కేంద్రం 2012లోనే ఎలుగుల సంరక్షణకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. పులుల అభయారణ్యాల్లో, అంటే మన నల్లమల లాంటి చోట్ల, పులి పుణ్యాన ఎలుగుకూ కొంత రక్షణ ఉంది. ఆ హద్దులు దాటాకే చిక్కంతా. అక్కడ పని కొంత ప్రభుత్వానిది, కొంత ఊరిది.

ప్రభుత్వం చెయ్యాల్సింది మొదట ఒక జాబితా. ఎలుగులున్న ప్రతి మండలంలో అటవీ శాఖ, రెవెన్యూ శాఖ కలిసి తిరిగి, గుహలున్న గుట్టలేవో, ఎండాకాలం నీళ్ళుండే చెలమలేవో, ఎలుగులు దాటే దారులేవో సర్వే నంబర్లతో సహా రాసిపెట్టాలి. ఆ నంబర్లలో లీజులు ఇవ్వకూడదు. కొండల మీద యూకలిప్టస్, సరుగుడు బదులు రేగు, మేడి, నేరేడు, ఇప్ప, తునికి పెంచాలి. కొండలో తిండీ నీరూ ఉంటే తోటల దాకా దిగివచ్చే ఎలుగులు తగ్గుతాయి. రహదారి వెడల్పు చేసేటప్పుడు వాగుల మీది వంతెనలను కింద నుంచి జంతువులు దాటేంత ఎత్తుగా కట్టాలి. గాయపడ్డ మనిషికి పరిహారం ఆలస్యం కాకుండా అందాలి. ఆస్పత్రి ఖర్చుకు అప్పుచేసిన కుటుంబాన్ని ఎలుగు మీద దయ చూపమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఊళ్ళో చెయ్యగలిగినవి ఇంకా తేలిక. జీడి పిక్క తీసుకుని పండును తోట గట్టు మీద కుప్ప పోసి వదిలేస్తాం. ఆ పులిసిన వాసన ఎలుగుకు పిలుపే. ఇళ్ళకు దూరంగా గొయ్యి తీసి పూడ్చాలి. పెరటి పనసను మాగనివ్వకుండా ముందే దించాలి. గుళ్ళో నూనె, కొబ్బరి రాత్రి బయట ఉంచకూడదు. తోటకు ఒంటరిగా, చీకటి ఉండగా వెళ్ళవద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళండి. మీరు వస్తున్నట్టు ముందే తెలిస్తే ఎలుగు తనంతట తాను తప్పుకుంటుంది. దూరాన కనిపిస్తే రాళ్ళు వెయ్యవద్దు, కుక్కల్ని ఉసిగొల్పవద్దు, ఫోన్‌లో వీడియో కోసం దగ్గరికి పోవద్దు. దానికి దారి వదిలి నెమ్మదిగా వెనక్కి నడవండి. పరుగెడితే అది మనకంటే వేగం. మీద పడితే మాత్రం బోర్లా పడుకుని, ముఖం నేలకు ఆనించి, రెండు చేతులతో మెడ వెనక భాగం కప్పుకోమని నిపుణులు చెబుతారు. వందమంది చుట్టుముట్టి అరుస్తుంటే, బెదిరిన ఎలుగు ఎటు దూకుతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటప్పుడు అటవీ శాఖకు కబురు చేసి జనం ఇళ్ళలో ఉండడమే మేలు.

చివరగా ఒక్క మాట. మీ మండలంలో క్వారీకో గనికో అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ పెడితే దానికి నోటీసు వస్తుంది. సాధారణంగా ఆ రోజు దుమ్ము గురించి, బాంబుల మోతకు బీటలు వారే గోడల గురించి, ఉద్యోగాల గురించి మాట్లాడతారు. అవన్నీ అడగాల్సినవే. వాటితోపాటు ఇంకో ప్రశ్న కూడా వేయండి: ఈ గుట్టలో గుహలున్నాయా, ఎవరైనా ఎక్కి చూశారా, నివేదికలో రాశారా? మేకలు కాసుకునేవాళ్ళను, కట్టెలకు వెళ్ళే ఆడవాళ్ళను ఆ సభకు వెంట తీసుకెళ్ళండి. ఏ బండ కింద ఎలుగు పిల్లల్ని పెడుతుందో వాళ్ళకు తెలిసినంతగా ఏ నివేదిక రాసినవాళ్ళకూ తెలియదు. వాళ్ళు చెప్పిన మాట ఆ రోజు సభ మినిట్స్‌లోకి ఎక్కితే, రేపు లీజు మీద సంతకం పెట్టే అధికారికి ఆ గుట్ట ఖాళీ నేల అని రాసే వీలుండదు.